ఈస్ట్ నుంచి రంగు తీయడానికి ఏ పద్ధతి మేలు? అనంతపురం, కర్నూలు, కడప ల్యాబుల కోసం ఒక పోలిక

గులాబీ రంగు ఈస్ట్‌ను పెంచడం పెద్ద కష్టం కాదు. దాని కడుపులో ఉన్న రంగును బయటికి తేవడమే కష్టం. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక అడుగున చేరిన ముద్ద మీద అసిటోన్ అనే ద్రావకం పోసి, మూత బిగించి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున వచ్చి చూస్తే ముద్ద నిన్న ఎంత గులాబీగా ఉందో ఈరోజూ అంతే ఉంది. పైనున్న అసిటోన్‌కు రంగు అంటీ అంటనట్టుగా ఉంది. నూరిన పాలకూర మీద అదే అసిటోన్ పోస్తే క్షణాల్లో పచ్చరంగు దిగుతుంది కదా, ఇదెందుకు దిగదని రెండు రోజులు తల పట్టుకున్నాను.

కారణం ఈస్ట్ కణం గోడ. గ్లూకాన్, మాన్నన్ కలిసిన ప్రొటీన్లు, కొంచెం కైటిన్ కలిసి ఆ గోడను గట్టిగా కడతాయి. రంగేమో లోపల కొవ్వు బొట్లలో దాక్కుని ఉంటుంది. గోడ పగలకుండా ద్రావకం లోపలికి సరిగా పోదు, రంగు బయటికి రాదు. పెంపుడు చేపలకు ఈ ఈస్ట్‌ను మేతలో కలిపినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. పగలగొట్టని కణాలను తిన్న చేపకు రంగు సరిగా పట్టదు, పగలగొట్టి పెడితే పడుతుంది. చేప కడుపే అరిగించుకోలేని గోడను చల్లని అసిటోన్ ఒక్కటే ఏం చేస్తుంది?

అనంతపురంలో డిగ్రీ, పీజీ పిల్లలకు మైక్రోబయాలజీ ప్రాజెక్టులు చేయిస్తుంటాను. కర్నూలు నుంచి, కడప నుంచి కూడా ప్రతి ఏడాదీ జనవరి, ఫిబ్రవరిలో ఫోన్లు వస్తాయి. "మేడం, పేపర్లో డీఎంఎస్ఓ అని రాశారు, మా ల్యాబులో అది లేదు, ప్రాజెక్టు మార్చుకోమంటారా?" అని టెన్షన్ పడుతూ అడుగుతారు. మార్చుకోనక్కర్లేదు. డీఎంఎస్ఓ అంటే డైమిథైల్ సల్ఫాక్సైడ్, అదీ ఒక ద్రావకమే. గోడ పగలగొట్టడానికి దారులు చాలా ఉన్నాయి. ఏ దారి పట్టాలనేది మీ దగ్గరున్న పరికరాల కంటే ముందు, తీసిన రంగుతో మీరేం చేయబోతున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. ఎంత రంగు ఉందో కొలిచి వదిలేస్తారా? ఇరవై రకాల ఈస్ట్‌లు పట్టుకొచ్చి వాటిలో ఏది మేలో తేల్చుకోవాలా? లేక ఆ రంగును దేనిలోనైనా కలిపి వాడి చూడాలా? ఈ మూడింటికీ ఒకే పద్ధతి సరిపోదు. చాలామంది ఇది తేల్చుకోకుండానే పేపర్లో ఉన్న పద్ధతిని దించేసి, తర్వాత ఇబ్బంది పడుతున్నారు.

ముందు ఏ ఈస్ట్?

దీని గురించి ఎక్కువ ఆలోచించాల్సిన పని లేదు. మన జిల్లాల్లో రోడోటోరులా పెట్టుకోండి. ఫాఫియా రోడోజైమా అనే ఈస్ట్‌కు పేరు ఎక్కువ, ఎందుకంటే అది ఆస్టాజాంథిన్ అనే ఖరీదైన రంగునిస్తుంది. సాల్మన్ చేప మాంసానికి ఆ ఎర్రదనం తెచ్చే రంగు అదే. అమెరికాలో 2000లో ఫాఫియాను సాల్మన్ జాతి చేపల మేతలో రంగు కోసం వాడటానికి అనుమతించారు. కానీ ఫాఫియా పుట్టిల్లు జపాన్, అలాస్కా వంటి చలి ప్రాంతాల చెట్ల జిగురు. దానికి 20 నుంచి 22 డిగ్రీల వేడి కావాలి, 27 దాటితే పెరగదు. అనంతపురంలో మార్చి దాటితే గదిలోనే అంతకంటే ఎక్కువ వేడి ఉంటుంది. చల్లబరిచే ఇంక్యుబేటర్, దానికి కరెంటు పోని బ్యాకప్ రెండూ ఉంటే తప్ప ఫాఫియా జోలికి పోకండి. నాలుగు రోజులు పెంచి ఐదో రోజు మధ్యాహ్నం కరెంటు పోయి మొత్తం చెడిపోతే ఆ పిల్లల మొహాలు చూడలేం.

రోడోటోరులా 28, 30 డిగ్రీల్లో హాయిగా పెరుగుతుంది. అందులో ముఖ్యంగా మూడు రంగులుంటాయి, ఈ జాతి రంగులను కెరోటినాయిడ్లు అంటారు. పసుపు నారింజగా ఉండే బీటా కెరోటిన్, దానికంటే ఎర్రటి టోరులీన్, ఇంకా ముదురుగా ఉండే టోరులారోడిన్. సూక్ష్మజీవులను భద్రపరిచి ఇచ్చే కేంద్రాలైన చండీగఢ్‌లోని ఎంటీసీసీ నుంచో, పుణేలోని ఎన్సీఐఎం నుంచో తెప్పించుకోవచ్చు. లేదంటే మన ద్రాక్ష తోటల్లో, చీనీ తోటల్లో ఆకుల మీద నుంచి, పండ్ల తొక్కల మీద నుంచి మీరే వేరు చేసుకోవచ్చు. అలా చేసినప్పుడు ప్లేటు మీద కనిపించిన ప్రతి గులాబీ చుక్కా ఈస్ట్ కాదని గుర్తుంచుకోండి. సెరాషియా, మిథైలోబాక్టీరియమ్ వంటి బాక్టీరియాలు కూడా అదే రంగులో వస్తాయి. మైక్రోస్కోపు కింద పెట్టి, మొగ్గ తొడుగుతున్న పెద్ద కణాలు కనిపిస్తేనే ముందుకు వెళ్లండి. మీడియంలో క్లోరాంఫెనికాల్ వేస్తే ఈ గొడవ చాలా వరకు తగ్గుతుంది.

బేకరీలో దొరికే బ్రెడ్ ఈస్ట్ సరిపోదా అని అడుగుతుంటారు. సరిపోదు. దానికి కెరోటినాయిడ్ తయారుచేసే శక్తి లేదు.

ఇంకో మాట. రోడోటోరులా మామూలు మనుషులకు హాని చేయదు గానీ, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు, సెలైన్ గొట్టాలు పెట్టుకుని ఆస్పత్రిలో ఉన్నవాళ్లకు ఇన్ఫెక్షన్ తెచ్చిన సందర్భాలున్నాయి. కాబట్టి గ్లవ్స్ వేసుకోండి, పని అయ్యాక కల్చర్‌ను ఆటోక్లేవ్ చేయండి, తీసిన రంగును ఎవరూ రుచి చూడకండి. తినే పదార్థంలో కలిపి అమ్మాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతి ఉండాలి.

గోడ పగలగొట్టే దారులు

అసలు ఎంపిక ఇక్కడే ఉంది కాబట్టి ఒక్కొక్కటి నిదానంగా చెబుతాను.

యాసిడ్, వేడి: అన్నిటికంటే చవకైన దారి ఇది. కడిగిన ముద్దలో 3 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోసి, అరగంట నుంచి గంట దాకా మామూలు గది వేడిలో ఉంచాలి. తర్వాత మరిగే నీళ్లలో మూడు, నాలుగు నిమిషాలు పెట్టి, వెంటనే ఐసులో దించాలి. యాసిడ్ పోయేదాకా నీళ్లతో రెండుసార్లు కడిగి, ఆ తర్వాతే అసిటోన్ పోయాలి. గోడ ఎంత బాగా మెత్తబడుతుందంటే, అసిటోన్ పోసి రెండు నిమిషాలు గట్టిగా కదిపితే చాలు, రంగు దిగిపోతుంది. ఒకేసారి ఇరవై ట్యూబులు చేయవచ్చు. వేడినీళ్లు, ఐసు, సెంట్రిఫ్యూజ్ ఉంటే చాలు, ఇవి లేని కాలేజీ ఉండదు.

దీని లోపం ఏమిటంటే, యాసిడ్, వేడి రెండూ కెరోటినాయిడ్లకు శత్రువులే. నిమిషాలు లెక్కపెట్టకపోతే రంగు పాడవుతుంది. ఒకసారి నేను ఫోన్ వచ్చి బయటికి వెళ్లి, మరిగే నీళ్లలో ట్యూబులను ఇరవై నిమిషాలు వదిలేశాను. తిరిగొచ్చేసరికి గులాబీ పోయి గోధుమ రంగు మిగిలింది. నాలుగు నిమిషాలకు మించనివ్వకండి, ట్యూబులన్నీ ఒకేసారి దించి ఒకేసారి తీయండి. పది, ఇరవై రకాల్లో ఏది ఎక్కువ రంగునిస్తుందో పోల్చాలంటే నేను ఈ పద్ధతికే ఓటు వేస్తాను. కొంత రంగు నష్టపోయినా అన్నిటికీ దాదాపు ఒకేలా నష్టం వస్తుంది కాబట్టి పోలిక నిలుస్తుంది. చివరి లెక్కకు మాత్రం, అంటే గ్రాముకు ఇన్ని మైక్రోగ్రాములు అని థీసిస్‌లో రాయడానికి, ఇది నాకు నచ్చదు.

డీఎంఎస్ఓ: పేపర్లలో దీని పేరే ఎక్కువ కనిపిస్తుంది. 55 డిగ్రీలకు వేడిచేసిన డీఎంఎస్ఓను ముద్ద మీద పోసి, మధ్యమధ్య కదుపుతూ గంటసేపు ఉంచితే గోడ దారి ఇస్తుంది. తర్వాత అసిటోన్, హెక్సేన్, ఉప్పునీళ్లు కలిపి కదిపితే రంగు పైనున్న హెక్సేన్ పొరలోకి వెళ్లిపోతుంది. రంగు పాడవడం తక్కువ, కొలత నమ్మకంగా వస్తుంది. అయితే దాని మరుగు స్థానం 189 డిగ్రీలు, కాబట్టి ఆరబెట్టి వదిలించుకోవడం కుదరదు. చర్మం గుండా సులువుగా లోపలికి పోతుంది, పోతూ తనతోపాటు వేరేవాటిని కూడా తీసుకుపోతుంది. మంచి గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. రంగును కొలిచి ఆపేయాలనుకుంటే, కొనే స్తోమత ఉంటే, ఇది మంచిదే. ఆ రంగును దేనిలోనైనా కలిపి వాడాలనుకుంటే వద్దు.

గాజు పూసలు, కల్వం: నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి. అర మిల్లీమీటరు గాజు పూసలను ముద్దతో సమానంగా వేసి, కొద్దిగా అసిటోన్ పోసి, ట్యూబును గిరగిరా కదిపే వోర్టెక్స్ మిషన్ మీద ఒక నిమిషం తిప్పి, ఒక నిమిషం ఐసులో పెట్టి, ఇలా ఎనిమిది, పదిసార్లు చేయాలి. వోర్టెక్స్ లేకపోతే పింగాణి కల్వంలో యాసిడ్‌తో కడిగి ఆరబెట్టిన సన్నని ఇసుక వేసి నూరండి. కల్వాన్ని ముందే ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచండి. చేతులు నొప్పి పుడతాయి, ఒక్కో శాంపిల్‌కు ఇరవై నిమిషాలు పడుతుంది, ఇరవై శాంపిల్స్ ఉంటే రోజంతా అదే పని. కానీ యాసిడ్ లేదు, మరిగే నీళ్లు లేవు, రంగు తన సహజ రూపంలో బయటికొస్తుంది. కరెంటు పోయినా కల్వం ఆగదు. కడపలో ఒక అమ్మాయి ప్రాజెక్టు మొత్తం కల్వంతోనే చేసింది. మూడుసార్లు చేసిన కొలతలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా వచ్చాయో చూసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ప్రతిసారీ అంతే ఇసుక, అంతే సేపు, ఒకే చేయి. ఆ ఓపికే ఆమెకు పనికొచ్చింది.

అల్ట్రాసౌండ్: ఇది రెండు రకాలు. కళ్లద్దాలు, గాజుసామాను కడిగే బాత్ రకం బలహీనం, ఈస్ట్ గోడకు అది ఒక్కటే చాలదు. కడ్డీ లోపలికి దించే ప్రోబ్ రకం బాగా పనిచేస్తుంది, కానీ నిమిషంలో వేడెక్కిస్తుంది కాబట్టి ట్యూబును ఐసులోనే ఉంచి ఆపి ఆపి నడపాలి. ప్రోబ్ సోనికేటర్ దగ్గరలోని యూనివర్సిటీలో దొరికితే వాడండి. అనంతపురం వాళ్లు ఎస్కేయూలో, కడప వాళ్లు యోగి వేమన యూనివర్సిటీలో, కర్నూలు వాళ్లు రాయలసీమ యూనివర్సిటీలో సంబంధిత శాఖ వాళ్లను ముందుగా లెటర్ పెట్టి అడగడం మంచిది. దీన్ని అసిటోన్‌లో నడపకండి, ముందు నీళ్లలోనో బఫర్‌లోనో కణాలను పగలగొట్టి తర్వాత ద్రావకం కలపండి. మండే ద్రావకం దగ్గర వేడి, నిప్పురవ్వ రెండూ ప్రమాదమే.

ఫ్రీజ్ చేసి కరిగించడం ఒక్కటే చేస్తే చాలదు, కల్వానికి ముందు రెండుసార్లు చేస్తే నూరడం కొంచెం తేలికవుతుంది. గోడలోని గ్లూకాన్‌ను కరిగించే గ్లూకనేజ్ ఎంజైములు సున్నితంగా పనిచేస్తాయి, ధర మాత్రం డిగ్రీ కాలేజీకి అందదు. ఒత్తిడి మీద కార్బన్ డయాక్సైడ్‌తో తీసే పద్ధతి ఉంది. 31 డిగ్రీలు, దాదాపు 74 బార్ ఒత్తిడి దాటాక ఆ వాయువు ద్రావకంలా మారుతుంది. అది పెద్ద పరిశ్రమల దారి, దానికి కూడా కణాలను ముందే పగలగొట్టి ఆరబెట్టాల్సిందే.

ఏ ద్రావకం?

అసిటోన్ 56 డిగ్రీలకు మరుగుతుంది. కర్నూలులో మే నెల మధ్యాహ్నం కిటికీ పక్కన పెట్టిన సీసా లోపల ఎంత ఒత్తిడి ఉంటుందో ఊహించుకోండి. ఎండాకాలం ఈ పనులన్నీ పొద్దున ఏడు నుంచి పదిలోపు ముగించమని మా పిల్లలకు చెబుతాను. స్పిరిట్ దీపం వెలుగుతున్న గదిలో అసిటోన్ గానీ హెక్సేన్ గానీ మూత తీయకూడదు. అది మాత్రం పొరపాటున కూడా జరగకూడదు.

కొలతకు అసిటోన్ బాగుంటుంది, తడి ముద్దలోని నీళ్లతో కూడా కలుస్తుంది. హెక్సేన్ నీళ్లతో కలవదు, అందుకే తడి కణాల మీద నేరుగా పోస్తే పని చేయదు. అసిటోన్‌తో దించిన రంగును శుభ్రం చేసేటప్పుడు రెండో అడుగులో వాడాలి. దాని ఆవిరి నరాలకు మంచిది కాదు, గాలి ఆడే చోటే పని చేయండి. ఇథనాల్ వాసనకు, భద్రతకు మేలు, కానీ కాలేజీకి ఎక్సైజ్ అనుమతి ఉండాలి, రంగు దిగడం కూడా కొంచెం నిదానం. క్లోరోఫాం అవసరం లేదు, ఎవరైనా రాసినా మానేయండి.

ఇంకోటి మన ఊళ్లోనే ఉంది, వేరుశెనగ నూనె. మా వైపు బుడ్డల నూనె అంటాం. కెరోటినాయిడ్లు కొవ్వులో కరుగుతాయి కాబట్టి, పూసలతో పగలగొట్టి నీడలో ఆరబెట్టిన కణాలను తాజా నూనెలో కలిపి, 50 డిగ్రీలకు మించని వేడిలో, చీకట్లో కొన్ని గంటలు కదిపితే నూనె నారింజ రంగు తిరుగుతుంది. ద్రావకం వదిలించుకోవాల్సిన పనే లేదు. అసిటోన్‌తో వచ్చినంత రంగు రాదు, ముద్దలో కొంత మిగిలిపోతుంది. పాత నూనె, కమురు వాసన వచ్చే నూనె అస్సలు వాడకండి. అందులోని పెరాక్సైడ్లు రంగును తినేస్తాయి. సబ్బులో, కొవ్వొత్తిలో రంగు వేసి చూడాలనుకునే ప్రాజెక్టుకు నేను సూచించేది ఇదే.

ధర్మవరం పట్టుకు ఈ రంగు వేయొచ్చా అని ఒక నేత కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థి ఆశగా అడిగాడు. కాదని చెప్పడం బాధ అనిపించింది గానీ నిజం చెప్పాలి. ఇవి నీళ్లలో కరగవు, దారాన్ని గట్టిగా పట్టుకోవు, ఎండ తగిలితే వెలిసిపోతాయి. చీరకు పనికిరావు. పసుపు పచ్చ రంగు మాత్రమే కావాలంటే కడప పసుపు ఉంది, బంతిపూలు ఉన్నాయి, వాటికి ఇంత శ్రమ అక్కర్లేదు. ఈస్ట్ విలువ వేరే చోట ఉంది. బెల్లం నీళ్లతో, తక్కువ చోటులో, వాన పడినా పడకపోయినా నాలుగైదు రోజుల్లో పంట వస్తుంది. అనావృష్టి చూసిన జిల్లాలో పుట్టినదాన్ని కాబట్టి ఆ మాట నాకు చిన్నదిగా అనిపించదు.

వెలుతురు, గాజుసామాను, కొలత

తీసిన రంగును కాపాడుకోవడం తీయడమంత ముఖ్యం. ఏప్రిల్‌లో ఒకసారి కిటికీ దగ్గర మరిచిపోయిన ట్యూబు మధ్యాహ్నానికి పూర్తిగా తెల్లబడింది. అప్పటి నుంచి ప్రతి ట్యూబుకు అల్యూమినియం ఫాయిల్ చుట్టిస్తాను, ట్యూబ్‌లైట్ సగం ఆర్పిస్తాను. కణాల ముద్దను ఎండలో ఆరబెట్టవద్దు. మన ఎండ ఉచితంగా దొరుకుతుందని ఆశపడతారు గానీ, ముద్ద ఆరేలోపే రంగు పోతుంది. ఓవెన్‌లో 40, 45 డిగ్రీల దగ్గర చీకట్లో ఆరబెట్టండి. లేదా తడి ముద్దతోనే తీసి, పొడి బరువు కోసం అదే కల్చర్ నుంచి మరో భాగాన్ని విడిగా ఆరబెట్టండి. నాకు రెండోదే ఇష్టం.

రీడింగు కోసం రంగు పోసే చిన్న గొట్టాన్ని క్యువెట్ అంటారు. పాలీస్టైరీన్ ప్లాస్టిక్ క్యువెట్‌లో అసిటోన్ పోస్తే అది మసకబారి రీడింగు తప్పు వస్తుంది. గాజు క్యువెట్ వాడండి. ట్యూబులు గాజువో పాలీప్రొపిలీన్‌వో అయి ఉండాలి.

రంగుతో పాటు దిగిన కొవ్వును వదిలించడానికి కొందరు పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారంతో ఆ కొవ్వును సబ్బుగా మారుస్తారు. బీటా కెరోటిన్ ఒక్కటే కావాలంటే సరే. టోరులారోడిన్ ఆమ్ల గుణం ఉన్న రంగు, క్షారం తగలగానే లవణంగా మారి నీళ్ల వైపు వెళ్లిపోతుంది, మీరు పారబోసే పొరలో పోతుంది. ఫాఫియా రంగైతే క్షారంలో ఆస్టసీన్ అనే వేరే రంగుగా మారిపోతుంది. మొత్తం రంగు లెక్క కావాలంటే ఈ అడుగు మానేయండి.

లెక్కకు ఒక ఉదాహరణ. అబ్జార్బెన్స్‌ను, అంటే రంగు ఎంత వెలుతురును పీల్చిందో మీటరు చూపే అంకెను, ద్రావకం మిల్లీలీటర్లతో, 10,000తో హెచ్చించి, 2500ను పొడి బరువు గ్రాములతో హెచ్చించగా వచ్చినదానితో భాగించాలి. మొత్తం కెరోటినాయిడ్లకు 2500 అనే గుణకాన్ని వాడటం రివాజు. 0.2 గ్రాముల పొడి కణాల నుంచి 10 మిల్లీలీటర్లలో దించిన రంగు 0.5 చూపిస్తే, గ్రాముకు 100 మైక్రోగ్రాములు. రీడింగు ఏ తరంగదైర్ఘ్యం దగ్గర తీశారో రాయండి. బీటా కెరోటిన్ 450 నానోమీటర్ల దగ్గర, టోరులీన్ 485 దగ్గర, టోరులారోడిన్ 500 దాటి ఎక్కువగా పీలుస్తాయి. కలరీమీటర్ ఒక్కటే ఉంటే 470 లేదా 480 ఫిల్టరు పెట్టి, శాంపిల్స్‌ను పోల్చడానికి మాత్రమే వాడండి.

ఏ పద్ధతి ఎంచుకున్నా, ఒక్కసారి అసిటోన్ పోసి ఆపవద్దు. తేరిన రంగును వేరే ట్యూబులోకి తీసి, మళ్లీ తాజా అసిటోన్ పోసి కదపండి. మూడు, నాలుగుసార్లు అయ్యాక వెలుతురు వైపు ఎత్తి అడుగున ఉన్న ముద్దను చూడండి. అది తెల్లగా మారి ఉండాలి. ఇంకా గులాబీ కనిపిస్తుంటే గోడలు సరిగా పగలలేదని అర్థం. రీడింగు రాసుకోకుండా ఆ ముద్దలో మళ్లీ పూసలు వేసి తిప్పండి.